పురుగులింట్లో నీట్ చదువు

మీ ఇల్లు చాలా బాగుందమ్మా, అందుకే మీ పాపకి సీటు ఇవ్వలేకపోయినాము అని ఆ ట్రస్టు సారు నా మొహం మీదనే చెప్పినాడు. నవ్వల్నో ఏడవల్నో తెలీలేదు నాకు. కోడలుగా వచ్చినప్పటినుంచి ఆ ఇల్లు బాగుందని ఒక్కరన్నా అంటారేమోనని చూస్తా ఉండాను. ఇన్నేండ్లకి ఒకడు అనినాడు, అదీ నా బిడ్డ నోటి కాడ కూడు లాగేదానికి.

మొదటినుంచి చెప్తాను. నాకు కోపం జాస్తి, మధ్యలో ఎవరినన్నా తిట్టినానంటే ఏమీ అనుకోవద్దు.

నా పేరు నాగరత్న. మాది కర్ణాటకలో కోలారు జిల్లా, గౌనిపల్లి పక్కన చిన్న పల్లె. ఎకరా పైన కొంచెం మల్బరీ తోట, పాలకి రెండు సీమ ఆవులు, పట్టుపురుగులు, ఇదీ మా బతుకు. మా ఆయన మునీంద్ర, మాట తక్కువ మనిషి. ఆయన దాచిపెట్టిన మాటలన్నీ మా అత్త జయలక్ష్మమ్మ మాట్లాడేస్తుంది. మాకు ఒకటే బిడ్డ, వినుత. పోయినేడు పీయూసీ పాసయి నీట్ రాసింది. కోచింగ్ అంటే యాడుంటుందో కూడా మాకు తెలీదు, పాత పుస్తకాలు పెట్టుకొని రాసింది. సర్కారీ సీటుకి మార్కులు చాలలేదు. ఇంగోసారి రాస్తానని ఏడాదంతా ఇంట్లోనే కూర్చొని చదివింది.

దానికి మా ఆయన ఒకే షరతు పెట్టినాడు. ఈసారి కూడా రాకుంటే నరసాపురలో ఫోన్లు చేసే ఫ్యాక్టరీ బస్సు ఎక్కల్ల. తెల్లారితే ఆ బస్సు మా ఊరి రోడ్డు మీదకి వస్తుంది, సగం మంది ఆడబిడ్డలు దాంట్లోనే పోతారు. అది మంచి పని కాదని నేను అనను. నెల కాంగానే జీతం వస్తుంది, బిడ్డలు బాగానే ఉండారు. మా వినుతకి అది వద్దు, అంతే. ఊహ తెలిసినప్పటినుంచి డాక్టరవుతాను అనే మాట తప్ప ఇంగో మాట దాని నోట్లో రాలేదు. షరతుకి సరే అనింది, మాట కూడా ఇచ్చింది.

అట్లుండంగా కేజీఎఫ్‌లో ఒక ట్రస్టు వాళ్ళు ఎండాకాలం క్యాంపు పెడతారని తెలిసింది. పేదింటి బిడ్డలకి మాత్రమే. మార్చి ఆఖరులో పోతే నీట్ రాసేవరకూ అక్కడే ఉండల్ల, తిండి, పడక, చదువు అంతా వాళ్ళదే. వాళ్ళు పెట్టిన పరీక్షలో మా పాపకి మంచి మార్కులు వచ్చినాయి. ఇంగ మిగిలింది ఒకటే. నిజంగా పేదవాళ్ళా కాదా అని వాళ్ళు వచ్చి ఇల్లు చూసుకొని పోవల్ల.

ఆ మాట విన్నప్పటినుంచి మా అత్తకి నిద్ర లేదు. ఎవరో పెద్దోళ్ళు బెంగళూరునుంచి కారులో వస్తారంట, వాళ్ళని నిలబెట్టి మాట్లాడితే ఊరు నవ్వదా అని ఒకటే నస. షామియానా వాళ్ళ దగ్గర కుర్చీలు తెప్పించింది. పక్కింటి ఫ్యాను, ఎదురింటి స్టీలు గ్లాసులు, ఎవరిదో పూల దుప్పటి, అన్నీ అడిగి తెచ్చింది. నన్ను బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చెయ్యమని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. మా వైపు అంతే. ఇంట్లో ఏమీ లేకున్నా ఇంటికొచ్చినోళ్ళకి లేదని కనపడకూడదు.

వాళ్ళని యాడ కూర్చోబెట్టేది? మేముండేది తగ్గు పెంకుటిల్లు. లోపలికి రావల్లంటే తల వంచల్ల, నలుగురం పడుకుంటే ఐదో మనిషికి కాలు పెట్టను చోటు లేదు. దాని పక్కనే పురుగులిల్లు. సబ్సిడీ ఇచ్చి సెరికల్చర్ ఆఫీసు వాళ్ళు కట్టించిందది. సిమెంటు గోడలు, ఎత్తు కప్పు, నాలుగు పక్కలా జాలీ కొట్టిన కిటికీలు. పట్టుపురుగుకి గాలి ఆడల్ల, చల్లగా ఉండల్ల, ఎండ తగిలితే పంట పోతుంది. మనకి తగిలితే ఏమి పోతుంది, అందుకని మంచి ఇల్లు పురుగులకి, పాత ఇల్లు మాకు. సరిగ్గా ఆ వారమే పట్టుగూళ్ళ పంట మార్కెట్టుకి పోయింది. తట్టలు, స్టాండ్లు అన్నీ బయటికి తీసి కడిగి ఎండకి పెట్టినాము. లోపల బ్లీచింగు కొట్టి, సున్నం కొట్టి, ఖాళీగా మెరిసిపోతా ఉండాది. మా అత్త కుర్చీలు తీసుకొనిపోయి ఆడ వేసింది.

నేను పొయ్యి దగ్గర ఉండాను కదా, ఆడ జరిగిన మాటలన్నీ తర్వాత వినుత చెప్పింది. వచ్చినోడి పేరు వసంత్, ట్రస్టులో క్యాంపు చూసుకునే సారు. ఇంగో పిల్లోడు ఫోన్లో ఫోటోలు తీసుకుంటా వచ్చినాడు. ఎంత పెద్ద ఇల్లు కట్టినారవ్వా, ఎంత గాలి, ఎంత శుభ్రం అని సారు మెచ్చుకున్నాడంట. మా అత్త ఉబ్బిపోయి, అంతా దేవుని దయప్పా అనిందంట. ఇది పురుగులిల్లు సార్ అని వినుత నోరు తెరవబోతే మా అత్త దాని తొడ గిల్లిందంట. పెద్దోళ్ళని పురుగులింట్లో కూర్చోబెట్టినామని ఎవరన్నా చెప్పుకుంటారా, మానం పోదా? సార్లు తలా రెండు ఓళిగలు నెయ్యి పోసుకొని తిని, చేతులు కడుక్కొని పోయినారు. మా అత్త ఆ రోజంతా ఊళ్ళో తిరిగి చెప్పుకొనింది.

వారం తిరక్కుండానే ఫోనుకి మెసేజు వచ్చింది. కుటుంబ పరిస్థితి బాగున్నందువల్ల మీకు అవకాశం ఇవ్వలేము. వినుత చదివి ఫోను నా చేతికిచ్చి తోటలోకి పోయింది. మా అత్త మొహం చూడల్ల. ఆయమ్మని తిట్టల్లనుకున్నాను. ఏమి తప్పు చేసిందని తిట్టేది?

తెల్లారి బస్సుకి వినుతని లాక్కొని కేజీఎఫ్ పోయినాను. ఎండకి కళ్ళు తెరవను కాలేదు, ఆ గని మట్టి దిబ్బల మీదనుంచి దుమ్ము లేస్తా ఉండాది. ట్రస్టు వాళ్ళది పాతకాలపు స్కూలు కట్టడం. వసంత్ సారు మర్యాదగానే కూర్చోమన్నాడు. కూర్చోలేదు నేను. ఇల్లు బాగుందమ్మా అనే ఆ మాట ఆయన అనింది అప్పుడే. ఇంటి సంగతి అంతా చెప్పినాను. మొదట నవ్వినాడు, తర్వాత నమ్మినాడు. చెడ్డోడు కాదు, ఆ మాట కూడా చెప్పల్ల. డబ్బులిచ్చే వాళ్ళు వేరే ఉండారంట, ఎవరికి ఇస్తున్నామో వాళ్ళకి కండ్లకి కనపడల్లంట. సరే ఒక పని చేస్తాము అనినాడు. మళ్ళీ వస్తాడంట, ఈసారి ఏమీ సర్దకూడదంట. ఆ పెంకుటింట్లో పాపని నేల మీద కూర్చోబెట్టి ఒక వీడియో తీస్తాడంట. మంచి చుడీదారు వద్దంట. పక్కన నేను నిలబడి, కూలికి పోయి బిడ్డని చదివిస్తా ఉండానని, ఒక పూట తింటే ఇంగో పూట లేదని చెప్పల్లంట.

నా ఒళ్ళు మండిపోయింది.

"కూలికి పోయేది తప్పు కాదు సార్, పోయినోళ్ళు మా ఇంట్లో ఉండారు. నేను పోనిది పోతానని యాల చెప్పల్ల? మా ఇంట్లో మూడు పూటలా సంగటి ఉండాది. కోచింగ్ కట్టను మాత్రం లేదు. దీన్ని ఇట్లే చెప్తే చాలదా?"

ఇట్ల చెప్తే ఎవరూ చూడరమ్మా అనినాడు. అప్పుడు వినుత నోరు తెరిచింది. నా మార్కులు చూసినారు కదా సార్, దానికన్నా ఇంగేమి చూపించల్ల అని అడిగింది. మార్కులతో ఏమీ ఇబ్బంది లేదని ఆయన ఒప్పుకున్నాడు. అయితే మార్కులకే పిలవండి, ఏడుపుకి పిలవద్దు అని చెప్పి బ్యాగు భుజానికేసుకొని లేచింది. నా బిడ్డ నోట్లోనుంచి నా మాటే వచ్చినట్లుండె. సంతోషపడల్నో భయపడల్నో తెలీలేదు.

బయటికి వస్తే వరండాలో ఇంగో ఇద్దరు ఆడబిడ్డలు కూర్చొని ఉండారు. ఇద్దరూ మా మాదిరే అడగను వచ్చినోళ్ళు. ఒకరు కురుడుమలె ఊరి శశికళ, వాళ్ళ నాయినతో వచ్చింది. వాళ్ళింట్లో సార్లు వస్తారని కొత్త రంగు కొట్టి, మేనమామ టీవీ తెచ్చి పెట్టినారంట. రెండో ఆయమ్మి వీణ, కేజీఎఫ్ గని కూలోళ్ళకి కట్టిన లైన్లలో ఒక గది ఇల్లు, అరవం కలిపి తెలుగు మాట్లాడుతుంది. వాళ్ళమ్మ చీకటితోనే రైలెక్కి బెంగళూరు పోయి ఆఫీసులు తుడిచి వస్తుంది. సార్లు పోయినప్పుడు ఇంటికి తాళం ఉండాదంట, కుటుంబానికి ఆసక్తి లేదని రాసుకొని పోయినారు. అది చెప్పి వీణ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఇంగా జాస్తి మంట పుట్టింది.

మా ఇంటికి రాండి అనేసినాను. నా నోరు అంతే, ముందు అది పోతుంది, వెనకాల నేను పోతాను. అంత పెద్ద ఇల్లు ఉండాదని సర్కారు, ట్రస్టు అందరూ ఒప్పుకున్నారు కదా, దాంట్లో చదువుకోండి, నీట్ అయ్యేవరకూ నేను వండి పెడతాను అని చెప్పినాను. శశికళ నాయిన నన్ను పిచ్చిదాన్ని చూసినట్ల చూసినాడు. వీణ మాత్రం ఎప్పుడు రావల్లక్కా అని అడిగింది.

బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఏప్రిల్ పంటకి పిల్ల పురుగులు కావల్లని ముందే చెప్పి పెట్టినాము. వాటిని పెడితే బిడ్డలకి చోటు లేదు, బిడ్డలని పెడితే పంట లేదు. మా ఆయన గట్టిగా అరిచింది నేను పెళ్ళయినప్పటినుంచి చూడలేదు, ఆ రోజు చూసినాను. ఊరోళ్ళ బిడ్డల కోసం పంట వదులుకుంటావా, ఎండాకాలమంతా ఏమి తిందాము అని అడిగినాడు. పాలు పోస్తాము, ఆకు అమ్ముతాము, అప్పటికీ చాలకుంటే నన్ను అమ్ము అనినాను. ఆయన దుప్పటి తీసుకొని సీమావుల కొట్టంలో పడుకున్నాడు. పక్క తోట మారప్ప వచ్చి మా ఆకు కోసుకొని పోతా ఉంటే నేను గడపలో నిలబడి చూసినాను. కడుపులో పెట్టి పెంచిన తోట. బంగారమట్ల ఆకు ఇంగొకరి పురుగులకి పోతా ఉంటే ఎంత బాధగా ఉంటుందో రైతుకి తప్ప ఎవరికీ తెలీదు.

బిడ్డలు వచ్చినారు. తట్టల స్టాండ్లనే మేజాల మాదిరి వరసగా వేసుకున్నారు. సార్లు లేరు, మేడములు లేరు. బయాలజీ వినుత చెప్పేది, కెమిస్ట్రీ వీణ చెప్పేది. ఫిజిక్స్ అంటే శశికళకి చచ్చేంత ఇష్టం, గోడ నిండా బొగ్గుతో లెక్కలు రాసి పెట్టేది. ఒకరికి రాకుంటే ఇంగొకరు చెప్పల్ల, ఇద్దరికీ రాకుంటే ఫోన్లో వీడియో పెట్టుకొని ముగ్గురూ తల పెట్టి చూడల్ల. కొట్లాడుకునేది కూడా చూసినాను. ఒకసారి వీణ అరవంలో ఏదో తిట్టింది, వినుత తెలుగులో తిట్టింది, మా అత్త పోయి ఇద్దరినీ కన్నడంలో తిట్టి వచ్చింది.

నాకు తెలిసింది పురుగులు పెంచేది. అట్లే ఈ బిడ్డలనీ పెంచినాను. వేళకి తిండి, వేళకి గాలి, కిటికీలకి తడి గోనెపట్టలు, చెప్పులు బయట. చుట్టాలు వచ్చినా ఊరి ఆడోళ్ళు వచ్చినా తలుపు దగ్గరనుంచే పంపించేసినాను. పురుగులింట్లో నీట్ చదువంట అని ఊళ్ళో నవ్వినారు. నవ్వనీ అనుకున్నాను. మా ఆయన మాట్లాడకుండానే ఒక రోజు వచ్చి ఇంగో లైటు బిగించి పోయినాడు. ఎందుకు అని నేనూ అడగలేదు.

నీట్ ఇంగ రెండు మూడు వారాలు ఉండాదనంగా వసంత్ సారు కారు మా ఇంటి ముందర నిలబడింది. క్యాంపులో ఒక బిడ్డ సగంలో వెళ్ళిపోయిందంట, ఒక సీటు ఖాళీ అయిందంట. వచ్చిన దరఖాస్తుల్లో వినుత మార్కులే జాస్తి అంట. వీడియో అవసరం లేదు, ఏమీ అవసరం లేదు, ఈరోజే కారులో రమ్మన్నాడు. ఆడ రోజూ పరీక్ష పెడతారు, బెంగళూరు సార్లు వచ్చి చెప్తారు, ఈ చివరి వారాలే ముఖ్యమమ్మా అనినాడు.

ఆయన మాట ముగిసేలోపలే నేను పెంకుటింట్లోకి పోయి బ్యాగులో గుడ్డలు సర్దుతా ఉండాను. అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు వీణా గుర్తు రాలేదు, శశికళా గుర్తు రాలేదు. నా బిడ్డ, నా బిడ్డకి సీటు, అంతే. బ్యాగు చేతికెత్తుకొని బయటికి వచ్చేసరికి ఆ ఇద్దరూ పుస్తకంలో తల పెట్టుకొని ఉండారు, తల ఎత్తలేదు. వినుత తలుపు దగ్గర నిలబడి సారుతో మాట్లాడతా ఉండాది.

వీళ్ళు కూడా రావచ్చా సార్ అని అడిగింది. ఒక్క సీటే అనినాడు. అయితే ఆడ చెప్పే పాఠం, ఇచ్చే పేపర్లు రోజూ వీళ్ళకి ఫోన్లో పంపిస్తాను, దానికి ఒప్పుకుంటారా అని అడిగింది. క్యాంపులో చేరంగానే ఫోన్లు తీసిపెట్టుకుంటారంట, పేపర్లు బయటికి పోకూడదంట, అది రూలంట. వినుత లోపలికి ఒకసారి చూసి సారు పక్క తిరిగింది.

"నాకు కెమిస్ట్రీ వచ్చింది వీణ వల్ల సార్. ఫిజిక్స్ వచ్చింది శశికళ వల్ల. వాళ్ళని ఈడ వదిలేసి నేను ఒక్కదాన్నే మీ కారెక్కితే మీ రోజు పరీక్షలో నాకేమీ రాదు. నేను రాను."

దాని రెక్క పట్టుకొని కొట్టం వెనక్కి ఈడ్చుకొనిపోయినాను. పంట వదిలింది ఎవరికోసమే, మీ నాయినతో మాటలు పడింది ఎవరికోసమే, రేపు ఫ్యాక్టరీ బస్సు వచ్చి నిలబడితే ఈ ఇద్దరూ వచ్చి ఎక్కుతారా నీ బదులు అని నోటికొచ్చినట్ల తిట్టినాను. కొట్టను చెయ్యి కూడా ఎత్తినాను. అది ఏడవలేదు, వెనక్కి జరగలేదు.

"వాళ్ళని ఈ ఇంటికి పిలిచింది నువ్వే కదమ్మా" అనింది.

ఎత్తిన చెయ్యి దించుకున్నాను. ముందరికి వచ్చి, పాప రాదు సార్, కాఫీ తాగి పోండి అని చెప్పినాను. మీరు తర్వాత బాధపడతారమ్మా అనినాడు. పడితే మేమే పడతాము, మీరు వీడియో తీయొద్దు అనినాను. కాఫీ తాగకుండానే పోయినాడు.

ముగ్గురూ ఒకే రోజు కోలారులో పరీక్ష రాసినారు. జూన్‌లో ఫలితాలు వచ్చినాయి. వీణకి సర్కారీ సీటు వచ్చే ర్యాంకు వచ్చింది. వినుతకి పోయినేటి కన్నా ఎంతో జాస్తి వచ్చింది, అయినా సీటుకి కొంచెం తక్కువ. శశికళకి ఇంగా తక్కువ.

వీణ వాళ్ళమ్మ ఆ రోజు పని మానుకొని బిడ్డతో మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. నా కాళ్ళ మీద పడబోయింది. నేను పైకి లేపినాను, నవ్వినాను, మిఠాయి నోట్లో వేసుకున్నాను. కుళ్ళు లేదని చెప్తే నా నోట్లో పురుగులు పడతాయి. ఆ కారెక్కింటే నా బిడ్డకీ వచ్చేది కదా అని లోపల ఒకటే రంపం. వాళ్ళు పోయినాక పురుగులింట్లోకి పోయి, గోడ మీద ఆ బొగ్గు లెక్కలు చూసుకుంటా నిండా ఏడ్చినాను. వినుత వచ్చి పక్కన కూర్చుంది. నేను వీణని చూసి ఏడవలేదమ్మా, నువ్వూ ఏడవద్దు అనింది.

సోమవారం నుంచి ఫ్యాక్టరీకి పోతానని అదే చెప్పింది. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే అంట. మా ఆయన ముందే బస్సు మేస్త్రీకి పేరు ఇచ్చి పెట్టినాడు. ఆ సోమవారం అది తెల్లారక ముందే లేచి, తల దువ్వుకొని, సంగటి డబ్బాలో పెట్టుకొని గడపలో నిలబడింది. మా అత్త మాట లేకుండా కూర్చొని ఉండాది, నా జన్మలో ఆయమ్మని అట్ల చూడలేదు నేను. నేను మాత్రం నోటి నిండా మాటలు పెట్టుకొని ఉండాను. బస్సు నిలబడంగానే దానికి అడ్డం పడుకుంటానా, మా ఆయన్ని తిడతానా, అది నాకే తెలీదు.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. వినుత చెప్పులు వేసుకునేలోపల మా ఆయన తోటలోనుంచి వస్తా ఉండాడు, చేతిలో ఆకు కొడవలి. మావైపు చూడలేదు. నేరుగా రోడ్డు మీదకి పోయినాడు. నేను వెనకాలే పరిగెత్తినాను.

మా పాప రాదప్పా, చదువుకుంటా ఉండాది, పేరు కొట్టెయ్యమని మేస్త్రీకి చెప్పు అని డ్రైవరుతో అనినాడు. డ్రైవరు మా ఊరోడే, అన్నీ తెలిసినోడే. రెండుసార్లు రాసింది కదన్నా, ఇంగ ఎన్నిసార్లు రాస్తాది అని నవ్వుకుంటా అడిగినాడు. కిటికీల్లో ఆడబిడ్డలంతా చూస్తా ఉండారు.

"వచ్చేవరకూ" అనినాడు మా ఆయన.